అయిదో నంబరుకి ఆఖరి పిలుపు

హెలికాప్టర్లకి అనుమతులిచ్చే సర్కారు ఆఫీసులో అతన్ని అందరూ కొర్రీ అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా కనపడదు. ఏ ఫైలు అతని బల్ల మీదికి వచ్చినా ఏదో ఒక కొర్రీ తగిలించుకునే వెనక్కి వెళ్తుంది. హెలికాప్టర్‌ని గాల్లోకి లేపడం కన్నా కొర్రీ చేత సంతకం పెట్టించడం కష్టమని కంపెనీల వాళ్లు చెప్పుకుంటారు. అది నిందో పొగడ్తో అతను ఏనాడూ తేల్చుకోలేదు. గాల్లో ఎగిరే యంత్రాల దగ్గర చూసీ చూడనట్టు పోయేవాడి కంటే చాదస్తుడే నయమని అతని నమ్మకం. ఎక్కి కూర్చునేవాళ్లని అడిగితే వాళ్లూ అదే అంటారు.

అలాంటి కొర్రీ బల్ల మీదికి ఒక ఫైలు వచ్చి, ఏ కొర్రీ పడకుండా, సంతకమూ పడకుండా, చాలా రోజులు ఊరికే పడి ఉంది.

సముద్రంలో చమురు తవ్వే రిగ్గులకి మనుషుల్ని చేరవేసే ఒక కంపెనీ దరఖాస్తు అది. ఒడ్డు కనపడనంత దూరం వెళ్లే ప్రతి హెలికాప్టర్‌లోనూ దూరపు రేడియో ఉండి తీరాలని నిబంధన. ఆ రేడియోలో మాట తిన్నగా వెళ్లదు. పైకి వెళ్లి, ఆకాశానికి తగిలి, ఎక్కడో దిగుతుంది. ఆకాశం మనసు బాగుంటే ఖండాలు దాటి వినిపిస్తుంది. బాగోలేకపోతే ఎదురుగా ఉన్న ఒడ్డుకి కూడా వినిపించదు. దాని బదులు శాటిలైట్ ఫోన్ పెట్టుకుంటాం, అనుమతించండి అని కంపెనీ అడుగుతోంది. అడగడానికి కారణమూ ఉంది. ఆమధ్య రిగ్గు మీంచి వస్తున్న ఒక వెల్డరుకి దారిలో గుండెనొప్పి వచ్చింది. పైలట్ దారి పొడుగునా ఒడ్డుని పిలుస్తూనే ఉన్నాడు. గరగర తప్ప జవాబు లేదు. తీరా దిగేసరికి అంబులెన్సు లేదు, డాక్టరు లేడు. వెల్డరు బతికి బట్టకట్టాడు గానీ మళ్లీ పనిలోకి రాలేదు.

న్యాయంగా చూస్తే కళ్లు మూసుకుని ఇచ్చెయ్యాల్సిన అనుమతి. కొర్రీకి చెయ్యి ఎందుకు రాలేదంటే, ఒడ్డు మీద ఆ పాత రేడియో ముందు కూర్చునేది అతని సొంత అక్క. ఆ రేడియోలో వినిపించకుండా పోయింది అతని బావ.

అక్క ఉన్నచోటి ఫైలు తమ్ముడు చూడకూడదని అతనే పై అధికారికి రాసి పంపాడు. "హెలికాప్టర్ రేడియోలు తెలిసినవాడివి నువ్వొక్కడివే. చివరికి నీ మీద నువ్వే కొర్రీ వేసుకుంటే మేమెక్కడికి పోవాలయ్యా?" అని ఆయన నవ్వి ఫైలు తిప్పి పంపాడు. కొత్త ఫోను పనితీరు కళ్లారా చూసి రావడానికి కొర్రీ బయల్దేరక తప్పలేదు.

హెలికాప్టర్లు దిగే మైదానం పక్కన పెద్ద రేకుల షెడ్డు. దాని నెత్తి మీద ఒక గది. ఇనప మెట్లెక్కి వెళ్లాలి. గది నిండా కిరోసిన్ వాసన, వేడెక్కిన రేకు వాసన. కిటికీలోంచి కింద నిలబెట్టిన హెలికాప్టర్లూ వాటి వెనకాల సముద్రమూ కనిపిస్తాయి. కిటికీ ముందు బల్ల, బల్ల మీద బీరువా అరంత పాత రేడియో, దానికో ఆకుపచ్చ దీపం. చెవులకి పెట్టుకునే సరంజామాకి స్పాంజి ఎప్పుడో ఊడిపోతే, అక్క పాత చీర ముక్కతో తొడుగులు కుట్టి వేసింది. కుర్చీలో రెక్సిన్ చిరిగిన చోట టవల్ మడిచి వేసుకుంది. ఆ స్థావరంలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కయ్యే. ఆమె కంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అలాగే పిలుస్తారు.

"చిక్కిపోయావేంట్రా?" అంది తమ్ముణ్ణి చూస్తూనే.

"నువ్వెప్పుడూ అదే మాటంటావు."

"నువ్వెప్పుడూ చిక్కే వస్తావు మరి. ఆ స్టూలు లాక్కుని కూర్చో. కుర్చీ ఇవ్వను, డ్యూటీలో ఉన్నాను."

మాట్లాడుతూనే మైకు అందుకుని "రెండో నంబర్, అంతా బాగేనా?" అంది. గరగరలోంచి టక్, టక్ అని రెండు చప్పుళ్లు వచ్చాయి. ఆ రెండింట్లోనూ హెలికాప్టర్ రెక్కల హోరు తుంపులు తుంపులుగా వినపడింది. ఆమె తృప్తిగా మైకు పక్కన పెట్టింది.

ఇది ఆ స్థావరం అలవాటు. పైలట్ల చేతులు ఖాళీగా ఉండవు. పైగా గరగరలో మాటలు సగం మునిగిపోతాయి. అందుకని జవాబు చెప్పకుండా మైకు మీట నొక్కి వదులుతారు. మీట నొక్కి ఉన్నంతసేపూ ఇవతల గరగర అణిగిపోతుంది. రెండు పొట్టి నొక్కులైతే అంతా బాగే. నిడివిగా ఒకటే నొక్కితే, ఆగు, చేతిలో పనుంది, నేనే పిలుస్తాను అని.

"ఈ నొక్కుళ్లు ఏ నిబంధనలో ఉన్నాయక్కా?" అన్నాడు కొర్రీ, వృత్తి ధర్మం ఊరుకోక.

"నీ నిబంధనల్లో నేను మాత్రం ఉన్నానా?" అంది అక్క.

అతను నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. బావ పోయింది ఆ నిడివి నొక్కు తర్వాతే. ఆయన నడిపిన హెలికాప్టర్ అయిదో నంబరు. ఒక సాయంత్రం రిగ్గు నుంచి ఒక్కడే తిరిగి వస్తుంటే అక్క ఎప్పటిలాగే "అయిదో నంబర్, అంతా బాగేనా?" అని అడిగింది. నిడివిగా ఒకటే నొక్కు వచ్చింది. ఆగమన్నాడు కాబట్టి ఆగింది. ఆగమన్న పైలట్‌ని మళ్లీ పిలిచి విసిగించకూడదన్నది కూడా ఆ స్థావరం అలవాటే. ఆ ఆగడం అనుమానంగా మారి, అనుమానం భయంగా మారి, ఆమె కేకలు వేసేసరికి వెలుగు పోయింది. సముద్రం ఒక్క రేకు ముక్క కూడా తిరిగి ఇవ్వలేదు. "ఆగమన్నారు, ఆగాను" అని ఆమె ఎంతమందికి చెప్పుకుందో లెక్కలేదు. నీ తప్పు అని ఎవరూ అనలేదు. అంటే పోట్లాడి తేలికపడేదేమో. ఎవరూ అనకపోవడం వల్ల ఆ బరువంతా ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఆఖరి హెలికాప్టర్ ఒడ్డువైపు తిరిగాక, రేడియో కట్టేసే ముందు, అక్క అన్ని నంబర్లనీ వరసగా పిలుస్తుంది. ఎవరు దిగారు, ఎవరు దారిలో ఉన్నారు అని సరిచూసుకోవడానికి ముగింపు పిలుపు అది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆ తర్వాత ఈనాటికీ అయిదు. దొరకలేదు కాబట్టి పట్టీలోంచి తీసేది లేదని ఆమె పట్టు. కంపెనీ వాళ్లు నీళ్లు నమిలి ఊరుకున్నారు. అయిదుని పిలిచినప్పుడు కూడా టక్ టక్ అని జవాబు వస్తుందని కొర్రీకి ఎవరో చెవిన వేశారు. ఆ సంగతి అడగడానికి ఇన్నేళ్లూ అతనికి నోరు రాలేదు.

ఆమే చెప్పింది. "పైలట్ పిల్లలు నొక్కుతారురా. ఆ టైముకి గాల్లో ఎవరుంటే వాళ్లు. ఎవరు నొక్కిందీ నాకు తెలీదనుకుంటారు పాపం. పెద్ద పైలట్ గంభీరం అన్నయ్యగారిది రాయి విసిరినట్టు ఉంటుంది. కొత్తగా వచ్చినవాడిది తలుపు కొట్టి పారిపోయినట్టు ఉంటుంది. ఎవరి వేలో నేను చెప్పగలను."

"తెలిసీ ఎందుకు పిలుస్తావక్కా?"

"పిలవకపోతే వాళ్లు బాధపడతారు."

కాసేపు కిటికీలోంచి చూసి, ఏదో గుర్తొచ్చినట్టు తనలో తనే నవ్వుకుంది. "మీ బావదైతే కుంటి నొక్కు. షెడ్డు షట్టరు కింద పడి బొటనవేలు నలిగింది చూడు, అప్పట్నుంచి మొదటిది టక్కుమనేది, రెండోది వదలడానికి వేలు మొరాయించేది. ఎంత ఏడిపించేదాన్నో."

ఆ తర్వాత అసలు సంగతికి వచ్చింది. "అనుమతి ఇచ్చెయ్యరా. నా మొహం చూసి ఆపకు. ఆ వెల్డరు దిగిన రోజు నేనిక్కడే ఉన్నాను. వాళ్లు పిలుస్తుంటే నాకు వినపడలేదు. మళ్లీ అలాంటిది నా వల్ల కాదు. హెలికాప్టర్లలోవి తీయించు, ఫోన్లు పెట్టించు. ఒడ్డు మీది ఈ సెట్టు ఒక్కటీ ఉండనివ్వు. షరతుగా రాసెయ్యి. షరతులు రాయడం నీకు కొత్తా?"

"వాటిల్లో రేడియోలు లేకపోతే నీకు జవాబిచ్చేదెవరు?"

"ఎవరూ ఇవ్వరు. పిలుస్తాను, రాదు, కట్టేసి ఇంటికెళ్తాను. అదీ ఒక అలవాటవుతుంది."

"రాస్తానక్కా" అన్నాడు. ఉద్యోగంలో చేరాక వెనకా ముందూ చూడకుండా అతను ఇచ్చిన మాట అదొక్కటే. ఇచ్చినందుకు ప్రాణం హాయిగా అనిపించింది కూడా.

మధ్యాహ్నం పరీక్షకి బయల్దేరారు. నడిపింది పెద్ద పైలట్. మాటలు తక్కువ, కనుబొమలు ఎక్కువ కాబట్టి ఆయనకి గంభీరం అని పేరు. శాటిలైట్ ఫోను భేషుగ్గా పనిచేసింది. రిగ్గు మీంచి, నడి సముద్రం మీంచి, మబ్బులోంచి కూడా కొర్రీ ఫోన్ చేసి చూశాడు. "గాల్లోంచి కూడా కొర్రీలు మొదలుపెట్టావా?" అన్న పై అధికారి గొంతు పక్కగదిలోంచి మాట్లాడినంత స్పష్టంగా వచ్చింది. ఇక ఈ ఫైలు ఆపడానికి అతని దగ్గర కారణమంటూ మిగల్లేదు.

వెనక్కి తిరిగేసరికి పొద్దు వాలుతోంది. పాత రేడియో ఇంకా తీయలేదు, చెవుల్లో గరగరమంటూనే ఉంది. అందులోంచి అక్క గొంతు వచ్చింది. ఒకటి దిగింది, రెండు దిగింది, మూడు దిగింది. నాలుగు వాళ్లదే, గంభీరం రెండు నొక్కులు నొక్కాడు. "అయిదో నంబర్," అంది అక్క. గొంతు మారలేదు, నిదానంగా, అలవాటైన మాటలా ఉంది. ఆ మాట పూర్తి కాకముందే గంభీరం బొటనవేలు మీట మీదికి పోవడం కొర్రీ చూశాడు.

అతనికి జాలీ కోపమూ కలిసి వచ్చాయి. వచ్చే నెల నుంచి ఎలాగూ జవాబు ఉండదు. ఆ నిశ్శబ్దమేదో ఇవాళే అలవాటు కానిద్దాం అనుకున్నాడు. చెయ్యి చాచి పైలట్ మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు. నొక్కేది మీరేనని తనకి తెలుసు. ఈ ఒక్కరోజూ వదిలెయ్యండి."

గంభీరం చెయ్యి గుంజుకోబోయాడు. "సార్, చెయ్యి వదలండి. చెప్తాను, ముందు వదలండి!"

"అంతా బాగేనా?" అంది అక్క చెవుల్లో.

గరగర అణిగింది. టక్ మని ఒకటి. ఆ వెంటే ఇంకొకటి, వదలడానికి కాస్త ఆలస్యమై. పైలట్లు నొక్కినప్పుడు వినిపించే రెక్కల హోరు వాటిలో లేదు. గాలి లేదు, ఇంజను లేదు. ఎవరో మనిషి మాట్లాడకుండా కూర్చున్న గది తలుపు రెండుసార్లు తెరిచి మూసినట్టు ఉంది.

గంభీరం చెయ్యి విదిలించుకుని మీటని గట్టిగా రెండుసార్లు నొక్కాడు. కొర్రీ తన చేతిని తనే చూసుకుంటూ ఉండిపోయాడు.

దిగాక, పైన రెక్కలు ఇంకా తిరుగుతుండగానే, గంభీరం ముందుకు చూస్తూ చెప్పాడు. ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడటం ఆ స్థావరంలో ఎవరూ విని ఉండరు.

"ఆయన పోయిన కొత్తలో అక్కయ్య ఊరికే పిలిచేది సార్. ఎవరం నొక్కేవాళ్లం కాదు. ఒకరోజు ఇదిగో, ఇప్పుడు మీరు విన్నది వచ్చింది. గాల్లో ఉన్నది నేనే, నేనూ విన్నాను. ఆవిడ ఒకటే ఏడుపు, బతికే ఉన్నారు, వెతకండి అని. వాన, ఈదురుగాలి. అయినా వెళ్లాను. తోక నీళ్లకి తగిలినంత పనైంది. నాతో వచ్చిన మెకానిక్కు మళ్లీ ఎప్పుడూ ఎక్కలేదు. ఏమీ దొరకలేదు. మర్నాడు మళ్లీ వచ్చింది. ఆ మర్నాడూ. అక్కయ్య తిండి మానేసింది. ఇంటికెళ్లడం మానేసింది. కుర్చీలోంచి పడిపోతే ఆస్పత్రికి మోసుకెళ్లాం."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు కొర్రీ. ఆస్పత్రి సంగతి అతనికి తెలుసు. నీరసమని చెప్పారు అప్పుడు.

"ఏమని చెప్పాలి సార్? మీరు నమ్మేవారా? మేమంతా కూర్చుని ఒక మాట అనుకున్నాం. నేను వెళ్లి ఆవిడ కాళ్ల మీద పడ్డాను. ఆ నొక్కింది నేనే అక్కయ్యా, మీరు అంత బాధపడుతుంటే చూడలేక ఆయనలా నొక్కాను, తప్పయింది అన్నాను. చెంప పగలగొట్టింది. తర్వాత ఏడ్చింది. ఆ రాత్రి అన్నం తిన్నదట. ఆనాటి నుంచీ ఆవిడ అడగ్గానే మేమే ముందు నొక్కుతాం. దగ్గరి రేడియో గట్టిగా ఉంటుంది కదా, దూరంది దాని కింద మునిగి వినపడదు."

"ఓదార్పు కోసం నొక్కుతున్నారనుకుంది అక్క."

"అలా అనుకోబట్టే మనిషి నిలబడింది. మేం నొక్కేది దాన్ని కప్పడానికి సార్." ఆగి, మొదటిసారి అతనివైపు తిరిగాడు. "అది రాని రోజు ఒక్కటీ లేదు."

ఇనప మెట్లెక్కి గదిలోకి వెళ్లేసరికి అక్క సంచీ సర్దుకుంటోంది. గంభీరాన్ని చూసి వేలు చూపించింది. "ఏం అన్నయ్యగారూ, ఇవాళ మళ్లీ కుంటి నొక్కు నొక్కారు? ఒకసారి చెంపదెబ్బ తిన్నది చాలలేదా?"

"తప్పయింది అక్కయ్యా. ఇంకెప్పుడూ నొక్కను" అన్నాడు గంభీరం తల దించుకుని.

ఆయన్ని చూస్తే కొర్రీకి దణ్ణం పెట్టాలనిపించింది. చెయ్యని తప్పుని ఇన్నేళ్లుగా మోస్తున్న మనిషి, ఇంకోసారి నోరెత్తకుండా నెత్తినేసుకున్నాడు.

ఊరికి తిరిగొచ్చాక అతను ఫైలు ముందేసుకున్నాడు. హెలికాప్టర్లలో దూరపు రేడియో బదులు శాటిలైట్ ఫోన్ వాడుకోవచ్చు అన్నంతవరకు కలం ఆగలేదు. ఒడ్డు మీది రేడియో దగ్గరికి వచ్చేసరికి ఆగింది. దాన్ని ఉంచితే అక్క రోజూ పిలుస్తుంది. కప్పే చేతులకి ఇక మీట ఉండదు. ఆ కుంటి నొక్కు తిన్నగా ఆమె చెవిలో పడుతుంది. ఒకసారి చావు దాకా వెళ్లి వచ్చిన మనిషి రెండోసారి వెనక్కి వస్తుందన్న నమ్మకం లేదు. తీసేస్తే, తనే నోరారా ఇచ్చిన మాట తప్పినట్టు. ఆ పైన ఇంకో ఆలోచన వచ్చింది. దాని వైపు అతను ఎక్కువసేపు చూడలేకపోయాడు. అక్కడ రోజూ జవాబు చెబుతున్నవాడు, వినేవాళ్లు లేక, ఎవరికి చెబుతాడు?

ఒడ్డు మీది రేడియోని కూడా తొలగించాలి అని రాసి సంతకం పెట్టాడు. పెట్టాక లేచి చేతులు కడుక్కున్నాడు. ఎందుకు కడుక్కున్నాడో అడిగితే చెప్పలేడు.

"మాటిచ్చావు కదరా" అంది అక్క, ఫోన్లో సంగతి వినగానే.

"నిబంధన ఒప్పుకోదక్కా."

"నిబంధనా, నువ్వా?"

"నిబంధనే" అన్నాడతను. ఆమె నిట్టూర్చింది. "సరేలే. ఒక్క కోరిక. ఆఖరి రోజు నువ్వే వచ్చి కట్టెయ్యి. ఇంకెవరి చెయ్యీ దాని మీద పడనివ్వను."

ఫోను పెట్టేసి వెంటనే గంభీరానికి చేశాడు. ఆ ఒక్క సాయంత్రానికి ఏదో ఒక హెలికాప్టర్‌లో పాత రేడియో ఉంచెయ్యమని, ఎవరో ఒకరు గాల్లో ఉండి నొక్కాలని బతిమాలాడు. నిబంధన తప్పమని కొర్రీ అడగడం లోకంలో అదే మొదలు.

"ఎలా సార్?" అన్నాడు గంభీరం. "సెట్లన్నీ ఆవిడే దగ్గరుండి దింపించుకుంది. ఒక్కోదాన్నీ తుడిచి గదిలో వరసగా పెట్టుకుంది. అన్నీ దింపారని మీ సంతకం కూడా అయిపోయింది."

ఆఖరి రోజు సాయంత్రం గదిలోకి ఎండ ఏటవాలుగా పడుతోంది. గోడవార బల్ల మీద నాలుగు సెట్లు, తీగలు చుట్టచుట్టి, మెరిసేలా తుడిచి ఉన్నాయి. కిటికీలోంచి చూస్తే కింద నాలుగు హెలికాప్టర్లు నిలబడి ఉన్నాయి. పైలట్లు వాటి పక్కన చేతులు కట్టుకుని గదివైపే చూస్తున్నారు. గంభీరం తలుపు దగ్గర నిలబడ్డాడు. అక్క మంచి చీర కట్టుకుని వచ్చింది. మొహం తేటగా ఉంది. తమ్ముడి మీద కోపం కూడా పోయినట్టే ఉంది.

"కట్టేసే మీట వెనకాల ఉంది. నేను చెప్పినప్పుడు కిందికి నొక్కు" అంది. కొర్రీ రేడియో వెనక్కి చెయ్యి పోనిచ్చి మీట మీద వేలు ఉంచాడు. పిలుపు అయిన మరుక్షణం, ఆమె చెప్పినా చెప్పకపోయినా, కట్టెయ్యాలని అతని ఆలోచన.

"మీరూ వినండి" అని ఆమె చెవులవి తీసి, స్పీకరు పెట్టింది. గది నిండా గరగర. మైకు అందుకుంది. "ఒకటి దిగింది. రెండు దిగింది. మూడు దిగింది. నాలుగు దిగింది." గొంతులో చిన్న నవ్వు వినపడింది. "అయిదో నంబర్. ఇవాళ నొక్కడానికి మనవాళ్లెవరూ లేరు. అయినా అడుగుతున్నాను. అంతా బాగేనా?"

కొర్రీ వేలు బిగించాడు. నొక్కలేకపోయాడు. ఆ క్షణంలో అతనికీ వినాలనిపించింది. ఆ తర్వాత తనని తను ఎంత తిట్టుకున్నా ఇది మాత్రం నిజం.

గరగర అణిగింది. టక్ మని ఒకటి. వదలడానికి మొరాయిస్తూ ఇంకొకటి.

అక్క తల తిప్పి గోడవారనున్న సెట్లని చూసింది. ఒకటొకటిగా చూసింది. కిటికీలోంచి పైలట్లని చూసింది. తర్వాత తలుపు దగ్గరున్న గంభీరం చేతులు చూసింది. ఆయన చేతులు ఖాళీగా, రెండు పక్కలా వేలాడుతున్నాయి.

"మీరు కాదు" అంది.

"అక్కయ్యా..."

"ఆనాడు కూడా మీరు కాదు."

గంభీరం చేతులు జోడించాడు.

"ఏదో పాత సెట్టు ఎక్కడో మిగిలిపోయి ఉంటుందక్కా" అన్నాడు కొర్రీ.

"అన్నీ దింపారని సంతకం పెట్టింది నువ్వే కదరా. తెలీకుండా సంతకం పెట్టేవాడివా నువ్వు?" ఆమె మాటలో నిష్ఠూరం లేదు. అతని మొహంలోకి చూసి మిగిలిన సంగతంతా అర్థం చేసుకుంది. "నీకు తెలుసు. అందుకే తీసెయ్యమన్నావు."

అతనికి ఏడుపొచ్చింది. "నిన్ను బతికించుకుందామనక్కా."

ఆమె అతని తల మీద చెయ్యి వేసి తీసింది. చిన్నప్పుడు జ్వరం చూసినట్టు వేసింది. మళ్లీ రేడియోవైపు తిరిగి, మైకు రెండు చేతులతో పట్టుకుంది.

"ఏవండీ" అంది. ఇన్నేళ్లలో ఆ రేడియోలో ఆమె నంబరుతో కాకుండా పిలవడం అదే మొదలు. "ఇన్నాళ్లూ జవాబిస్తూనే ఉన్నారన్నమాట. నాకు వినపడలేదు. రేపు ఈ సెట్టు తీసేస్తారు. మా తమ్ముడి తప్పేం లేదు, గాల్లో ఉన్నవాళ్ల కోసం. ఇక కట్టెయ్యనా?"

మైకు మీంచి వేలు తీసింది. గదిలో గరగర ఒక్కటే. అవునంటే రెండు పొట్టి నొక్కులు రావాలి. ముగ్గురూ వాటి కోసమే ఎదురుచూశారు.

గరగర అణిగిపోయింది. పూర్తిగా పోయింది. ఆ నొక్కు ఒకటే, నిడివిగా, వదలకుండా. స్పీకర్లోంచి వస్తున్నది చప్పుడు కాదు. ఎవరో ఉన్నారని తెలిసేలాంటి నిశ్శబ్దం.

"ఆగమంటున్నారురా" అంది అక్క.

కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుని, మడిచిన టవల్ సర్దుకుని, ఆనాటిలాగే కూర్చుంది. కొర్రీ రేడియో వెనకనుంచి చెయ్యి తీసేశాడు. కింద పైలట్లు ఒకరొకరే మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. ఆ నొక్కు ఇంకా వదల్లేదు.